నవ్వకూడని డ్యూటీ

"నవ్వొస్తే నవ్వేయండి. స్టూలుకేం కాదు," అన్నాడు ఆపరేటర్.

"నేను నవ్వడానికి రాలేదు. తనిఖీకి వచ్చాను," అంది మునిసిపల్ గుమాస్తా, ఒళ్లో ఫైలు సర్దుకుంటూ. జనంతో కూర్చుంటే నవ్వు అంటుకుంటుందని ఏరికోరి ప్రొజెక్టర్ గదిలో కూర్చుంది.

అరవై ఏళ్ల కిందటి సినిమా. అందులో ఓ మంత్రి నది లేనిచోట వంతెన ప్రారంభిస్తాడు. రిబ్బను అనుకుని సొంత టై కత్తిరించుకుంటాడు. "నా కుర్చీని ఎవరూ కదపలేరు" అంటుండగానే కుర్చీ విరిగి కూలబడతాడు.

పోయిన వారం మీటింగులో మునిసిపల్ చైర్మన్‌గారి కుర్చీ కూడా విరిగింది. అప్పట్నుంచీ హాలు నిండిపోతోంది. సినిమా తనను వెక్కిరిస్తోందని చైర్మన్‌గారి ఫిర్యాదు.

"మీ రిపోర్టుతో హాలు మూతపడితే మిషన్ పాత ఇనుములోకి పోతుంది. దాని వెనకే నేనూ," అన్నాడతను.

"జాలి రాసే గడి ఫారంలో లేదండీ."

తెరమీద కుర్చీ విరిగింది. విరిగిన కుర్చీకి సహాయకుడు వంగి సలాం కొట్టాడు. గుమాస్తా పెదవి కొరుక్కుంది, దగ్గింది, చివరికి ఫైలులో మొహం దాచుకుని కన్నీళ్లొచ్చేలా నవ్వింది.

తలెత్తితే అతను తననే చూస్తున్నాడు.

"తెర అటుంది."

"అది నాలుగొందల సార్లు చూశాను."

మర్నాడు ఆమె ఫారం చైర్మన్‌గారి ముందు పెట్టింది. "ఈ గడి ఫిర్యాదు చేసినవారే నింపి సంతకం పెట్టాలండి. సినిమాలో ఎవరు తమరిలా ఉన్నారో."

"ఎవరెవరున్నారు?"

"మంత్రి, సహాయకుడు, ఒక గాడిద."

చైర్మన్‌గారు తీసిన పెన్ను ఆమె చేతికే ఇచ్చారు. "నాలాంటివాళ్లు ఎవరూ లేరని రాసెయ్ అమ్మా."

రాసింది, ఆయన సంతకం పెట్టారు. మూడు కాపీలు, మూడింటికీ సీలు. ఒక కాపీ హాలు తలుపుకు అంటించారు. ఇప్పుడు జనం తలుపు దగ్గర్నుంచే నవ్వుకుంటూ లోపలికొస్తున్నారు.

ఆదివారం ఆమె టికెట్లు కొనుక్కుని మరీ ప్రొజెక్టర్ గదికొచ్చింది. వెనకే వాళ్లమ్మ.

"మళ్లీ తనిఖీనా?"

"సినిమాకి కాదు, మీకు. ఈసారి అధికారి మా అమ్మ."

అమ్మ గదంతా కలియజూసింది. "దుమ్ము బాగానే దులుపుతాడే," అని స్టూలు మీద కూర్చుంది.

తెరమీద కుర్చీ విరిగేసరికి అమ్మ నవ్వు ఆపుకోలేక, పడిపోకుండా పక్కనున్న ఆపరేటర్ భుజం పట్టుకుంది. నవ్వు ఆగాక కూడా చెయ్యి తియ్యలేదు.

గుమాస్తా ఆ రోజు ఫైలే తేలేదు. రిపోర్టు మాత్రం పూర్తయింది.