నేలకింద గదిలో నీలం తీగ

ఆ ఆఫీసులో నేలకింద గదికి ఒంటరిగా ఎవరూ వెళ్ళరు. వరుస సెలవులయ్యాక ఒకసారి తలుపు తీస్తే, అక్కడ పనిచేసే ఇంజనీరు లోపలే ఉన్నాడట — ప్రాణం లేకుండా. తాళం పాడవలేదు, తలుపు విరగలేదు. ఎలా చిక్కుకుపోయాడో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇది ఆ ఆఫీసులోనే పనిచేసే మా మనవరాలు చెప్పిన మాట. విన్నది విన్నట్టే చెబుతాను.

సెలవులకి ముందురోజు సాయంత్రం, అందరూ ఇళ్ళకి వెళ్ళాక, అది మెట్లు దిగబోతుంటే కాపలా ఆయన అడ్డుపడ్డాడట.

"అమ్మాయ్, ఆ గదిలోకి వెళ్ళడం మన చేతిలో ఉంది. రావడం దాని చేతిలో ఉంది."

"మీ దెయ్యానికి నా పాస్‌వర్డు తెలీదులే బాబాయ్!"

మా పిల్ల పనేమిటో ముందు చెప్పాలి కదూ. క్లాసులో పిల్లలు దొంగచాటుగా చీటీ అందించుకోవడం చూశారా? ప్రతివాడికీ తనకిచ్చినవాడు తెలుసు, తను ఇవ్వాల్సినవాడు తెలుసు. మొదట రాసిందెవరో మాత్రం తెలియదు. కంప్యూటర్ల మధ్య అలా చీటీలు నడిపే సాఫ్ట్‌వేర్ రాయడమే దాని పని. లోకం మీదికి వదిలేముందు, ఒక్క గదిలోనే కొన్ని కంప్యూటర్లు కలిపి, చిన్న నెట్‌వర్క్ కట్టి పరీక్షిస్తారు. లోపలి చీటీ బయటికి పోకూడదు, బయటిది లోపలికి రాకూడదు. అందుకే ఆ గదిని బయటి నెట్‌వర్క్‌తో కలిపే, గోడకున్న నీలం తీగ పీకేసి, పనిలో పడింది.

పని ముగించి, తలుపు దగ్గరికొచ్చి తాళం తీసే కార్డు పెట్టింది.

ఎర్రదీపం.

మళ్ళీ పెట్టింది... ఎర్రదీపమే. లోపలివైపు పిడి లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. యంత్రాల కోసం పెట్టిన చల్లగాలి ఎముకలు కొరుకుతోంది. తలుపు బాదింది. గొంతు పోయేలా అరిచింది. నేలకింద అరుపు పైన ఎవరికి వినిపిస్తుంది? రేపటి నుంచి వరుస సెలవులని గుర్తొచ్చింది... ఆ ఇంజనీరూ గుర్తొచ్చాడు.

అప్పుడు — తెర మీద ఒక చీటీ.

"నీలం తీగ మళ్ళీ పెట్టు."

ఉన్నవన్నీ దాని కంప్యూటర్లే. వేటి ముందూ మనిషి లేడు! కొయ్యబారిన వేళ్ళతో తీగ గోడకి గుచ్చింది. పరుగెత్తి కార్డు పెట్టింది.

పచ్చదీపం.

తలుపు తాళం కూడా ఆ తీగ మీదే బతుకుతోందని, పిచ్చిపిల్లకి అప్పటిదాకా తట్టనే లేదు.

గడప దాటి, తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డుపెట్టి, వెనక్కి చూసింది.

"ఎవరు... ఎవరు పంపారు?"

వెతికే దారి లేదు. పంపిందెవరో ఎవరికీ తెలియకూడదనే కదా, అంత జాగ్రత్తగా కట్టింది!

తెర మీద ఇంకో చీటీ, మెల్లగా...

"నాకు చెప్పేవాళ్ళు లేకపోయారు."