పలక తెరిచే ఉంది

చలికాలంలో సరస్సు ఒడ్డున మా కుటీరానికి మధ్యాహ్నం మూడింటికే చీకటి దిగుతుంది. పొయ్యిలో బిర్చి కట్టెలు చిటపటలాడుతున్నాయి. గదంతా రై రొట్టె వాసన, తడి ఉన్ని వాసన.

వేడి పోకుండా ఉండాలని, నిప్పులు ఆరకముందే పొగగొట్టంలోని ఇనప పలక మూసేస్తే గదిలో విషవాయువు నిండుతుంది. దానికి వాసన ఉండదు. బీమా కంపెనీలో ప్రమాదాల లెక్కలు వేసేది నేనే. అలాంటి చావు లక్షల్లో ఒకటి. కానీ నా జబ్బుకి లెక్కలు రావు. ఆ ఒకటీ నీదే అంటుంది. చూసొస్తాను, మళ్ళీ చూస్తాను, చివరికి నా కళ్ళనే నమ్మను. అప్పుడు నా భర్త యార్కోని అడుగుతాను. "తెరిచే ఉంది" అంటే కాసేపు ప్రాణం కుదుటపడుతుంది. మళ్ళీ మొదలు.

అందుకే డాక్టరమ్మ షరతు పెట్టింది. ఒక్కసారే చూడాలి. నేనెంత బతిమాలినా యార్కో జవాబు చెప్పకూడదు.

"చెప్తే నా నాలుక కోసి పిల్లికి వెయ్యి," అన్నాడు యార్కో, ఒడ్డునున్న ఆవిరిగదికి వెళ్ళడానికి తువ్వాలు వెతుక్కుంటూ.

"మనకి పిల్లి లేదుగా."

"అదే నా ధైర్యం, మహాతల్లీ!"

ఒక్కసారి చూశాను. తెరిచే ఉంది. దీపం ఆర్పి పడుకున్నాను.

చూశానా... చూశాననుకున్నానా? లేవకూడదు. పక్క గదిలో నేల కిర్రుమంది. యార్కో వచ్చేశాడనుకున్నాను.

"యార్కో... పలక తెరిచే ఉందా?"

నేల మళ్ళీ కిర్రుమంది. తర్వాత, మెల్లగా...

"తెరిచే ఉంది. పడుకో."

మాటిచ్చి తప్పాడు! ఒళ్ళు మండింది. కానీ ఆ మాట ఎంత తియ్యగా ఉందని... నిద్ర ముంచుకొచ్చింది.

తల పగిలిపోతుంటే మెలకువ వచ్చింది. కాళ్ళు నిలబడలేదు. పాకుతూ వెళ్ళి, తలుపు తోసి, మంచులో పడ్డాను. ఒడ్డు వైపు నుంచి యార్కో పరుగెత్తుకొచ్చాడు. తడి జుట్టు గడ్డకట్టి ఉంది.

"మోసం చేశావు," అన్నాను. "తెరిచే ఉందన్నావు."

"నేనా? ఇంతసేపూ ఆవిరిగదిలోనే ఉన్నాను కదా, విల్యా!"

పలక తెరవడానికి ఊపిరి బిగబట్టి లోపలికి దూరాడు.

ఎదురుచూశాను...

గుమ్మం దాటి బయటికొచ్చి నిలబడ్డాడు. నవ్వుతున్నాడు. జుట్టు పొడిగా ఉంది.

"తెరిచాను. ఇంకా అనుమానమా? అడుగు... ఎన్నిసార్లైనా చెప్తాను."

అతను నన్నే చూస్తూ, చెయ్యి వెనక్కి చాపి, మెల్లగా తలుపు మూశాడు.

తలుపు అవతల, గదిలో నేల మీద, యార్కో దగ్గుతున్నాడు.