ముందే చెక్కిన వీరగల్లు

జ్యేష్ఠమాసపు ఎండకు వెలిచెర్ల దుర్గము కాగిన పెనమువలె మండుచుండగా, కొండ చుట్టును మూడు క్రోసుల మేర కుంతల సేనల గుడారములు పరచుకొనియుండెను. శత్రువుల ఏనుగులు ఏటి నీటిని బురద చేయుచుండెను. వారి రాతి యంత్రములు పక్షము దినములుగా ఉత్తరపు గోడను కొట్టి కొట్టి, నలువది మూరల మేర దానిని నేలమట్టము చేసియుండెను. ఇంతటి ఆపదలో ఆ గండి దగ్గర ఉండవలసిన ప్రజలు, దానిని నలుగురు కావలివాండ్రకు విడిచి, ఆ ఉదయమున రాజమందిరము ఎదుట గుమిగూడిరి. ఒక మనిషి తన తలను తానే కోసికొనుట చూచుటకు వారు వచ్చియుండిరి.

ఆ మనిషి సేనాపతి మేచయ నాయకుడు. అతడు లెంక, అనగా ప్రభువు మరణించిన మూడవనాడు తన తలను స్వహస్తముతో అర్పింతునని ప్రమాణము చేసినవాడు. అతని తాత అట్లే పోయెను, తండ్రియు అట్లే పోయెను. ఇప్పుడు ప్రభువైన మల్లభూపతి అరచేతిని ఒక బాణము గీచుకొనిపోగా, ఆ చిన్న గాయమునకే జ్వరపడి, వైద్యుడు పూసిన లేపనములేవియు పనిచేయక, మొన్న కన్నుమూసెను. రాణి ప్రోలమదేవి తప్ప ఆ గద్దెకు వేరు దిక్కు లేదు.

ఏర్పాట్లన్నియు మహామంత్రి విద్దనామాత్యుడు దగ్గరుండి చేయించెను. పరుల చావునకు ఇంత శ్రద్ధ వహించిన మంత్రి భూమిమీద మరియొకడు ఉండడు. పూలు, గంధము, వాద్యములు, పదును పెట్టిన కత్తి, ఏదియు తక్కువ కాలేదు. చనిపోయిన వీరుని గురుతుగా నిలుపు నిలువెత్తు వీరగల్లు కూడ సిద్ధమైయుండెను. అందులో మేచయ ఎడమచేత జుట్టు పట్టుకొని కుడిచేత కత్తిని మెడకు ఆనించుకొనియుండెను. మీసమును శిల్పి వెంట్రుక వెంట్రుకగా తీర్చియుండెను.

తల ఇచ్చు వీరునకు ఆ దుర్గమున ఒక ఆచారము కలదు. తన రాయి చెక్కిన శిల్పికి అతడు తాంబూలము ఇయ్యవలెను. ఎన్ని దినములు శ్రమపడితివని అడిగి, అన్ని వక్కలు ఆకులో పెట్టవలెను. మంత్రి అన్నియు తలచెను గాని ఈ ముచ్చటను మరచెను. మేచయ తమలపాకు చేతబట్టి అడుగగా, ముసలి కొమ్మోజు తన పనితనమును గుర్తించిరని పొంగిపోయి, "ఇరువది రెండు దినములు, నాయకా. ఆ మీసమునకే మూడు దినములు పట్టినది" అనెను.

మేచయ ఒక్కొక్క వక్కయే పెట్టసాగెను. ఎనిమిదవ వక్క దగ్గర అతని చేయి ఆగెను. ప్రభువునకు బాణము తగిలి నాటికి ఎనిమిది దినములే. చెక్కుమన్నవారెవరని అతడు నెమ్మదిగా అడిగెను. ముసలివాడు ఏ కల్మషము లేక మంత్రివైపు చూపెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, రాజునకు గాయమే తగులకమునుపు రాజు వెంట పోవువానికి రాయి సిద్ధమగుచుండెనన్న మాట. అది విన్న వైద్యుడు గుట్టు బయటపడెనని బెదరి రాణి పాదములపై కూలి, లేపనమున విషము కలిపితిననియు, కలుపుమన్నది మంత్రియే యనియు, మేచయ తల తెగిన మరుక్షణము కోట కుంతలులకు, దాని యేలుబడి మంత్రికి పోవునట్లు ఒడంబడిక యున్నదనియు ఒప్పుకొనెను.

భటులు పట్టుకొనగా విద్దనామాత్యుడు తలవంచలేదు. పాము చచ్చుచు కూడ కాటువేయును.

"నేను ద్రోహినే కానిమ్ము. నా పాపము నీ ప్రమాణమును మాపునా, నాయకా? విషముననో బాణముననో ప్రభువు పోయెను, నీవు నిలిచియున్నావు. సాయంకాలమునకు నేను ద్రోహిగా చత్తును. నీవు పిరికిపందగా బ్రతుకుదువా?"

మంత్రిని అసహ్యించుకొనిన వారే ఆ మాటకు తలలూపిరి. మేచయ తల్లి బొల్లమ ముందునకు వచ్చి, తమ యింట వెనుదిరిగిన మగవాడు లేడనియు, కత్తి పట్టనిచో తన గడప తొక్కవలదనియు చెప్పెను.

మేచయకు చావు భయము లేకుండెను. అప్పుడు అతనిని వణికించినది వేరొక సంగతి: ఎట్లు చత్తునో అతనికి బాల్యమునుండి తెలియును, ఏల బ్రతుకుచున్నాడో ఏనాడును ఆలోచించుకొనలేదు. అతడు కత్తిని నేలమీద పెట్టి రాణివైపు తిరిగెను.

"మహాదేవీ, పదునెనిమిదవ యేట ప్రమాణము చేసితిని. ఆనాటినుండి బ్రతుకుటయనగా నాకు ఈ దినమునకై వేచియుండుటయే. కాని ప్రభువు కడపటి జ్వరములో నా చేయి పట్టుకొని అడిగినది ఉత్తరపు గోడను గూర్చి, నా తలను గూర్చి కాదు. ఆ గోడ ఇంకను పడియేయున్నది. నేను చచ్చుట సులువు, నాకు బాగుగా అభ్యాసమైనది. గోడ లేపుట నాకు రాదు, నేర్చుకొందును. లెంకయనుడు, పిరికియనుడు, మీ యిష్టము. గండి పూడువరకు ఈ తల నాకు పనికి వచ్చును."

రాణి ఒక్కమాట కూడ పొగడలేదు. ఎవరెవరు కావలెనని మాత్రము అడిగెను.

మేచయ తన వీరగల్లును పదిమందిచేత మోయించి, గండిలో మొదటి రాయిగా బోర్లా వేయించెను. మూడు దినములు వెక్కిరించిన జనము నాలుగవనాడు తట్టలు పట్టుకొని వచ్చెను. సంకెళ్ళతోనే విద్దనామాత్యుడును రాళ్ళు మోసెను. చాలకాలమునకు ఆయన చేత దుర్గమునకు ఒక ఉపకారము జరిగెను. తల అరువు తెచ్చుకొన్న నాయకుడని కుంతలులు క్రిందినుండి కేకలు వేయగా, మేచయ మీదినుండి సున్నపు నీళ్ళు పోయించెను. ఒక బాణము ఎడమకంటిని కొనిపోయిననాడు, చావు తప్పి కన్ను లొట్టపోయెనన్న సామెత తన కొరకే పుట్టినదని తానే నవ్వెను. రాత్రి కూలినది పగలు లేపుచు, వారు నలువదియొక్క దినములు నిలిచిరి. అంతట ఆషాఢపు వానలకు ఏరు పొంగి గుడారములను ముంచెను. కుంతల సేన యంత్రములను బురదలో విడిచి పోయెను.

కొండమీద భేరీలు మ్రోగుచుండగా మేచయ ఒంటరిగా తల్లి యింటికి నడచెను. బొల్లమ గడపమీద కూర్చుండియుండెను. అతని కంటి కట్టువైపు చూచెను.

"ముప్పది యేండ్లుగా నీ తండ్రి రాతికి నీరు పోయుచున్నాను. పోక తప్పదని నమ్మితిని, అందుచేత ఏడువలేదు. నీ గోడ నిలిచినది, నాయనా. అతడును ఉండియుండవచ్చునన్నమాట. ఆనాడు వాకిట నిలిచి పొమ్మన్నది నేనే."

మేచయ కరవాలము విప్పి ప్రక్కన పెట్టి, గడపమీద ఆమె చెంత కూర్చుండెను. ముప్పది యేండ్ల ఏడుపును ఆమె ఆ సాయంకాలము ఏడ్చెను. అతడు ఊరుకొమ్మనలేదు, లేచి పోనులేదు.