పిగిలిపిట్ట ఫోటో కింద పేరు

"నా చీర చూసి పిట్ట జడుసుకునిద్దా? ఏమే, ఇది చీరా, పులితోలా?"

తడిచీర భుజాన వేసుకుని పెరట్లో నిలబడి అడిగింది అనసూయమ్మ. కోడలు కృష్ణకుమారి గోరింట పొద దగ్గర దండెం విప్పేసి, ఆ తాడు తీసుకెళ్లి బావి పక్కన కడుతోంది.

"గాలికి రెపరెపలాడితే తల్లిపిట్ట గూటికి రాదత్తయ్యా. పిల్లలు కళ్లు తెరిచి రెండు రోజులే అయింది. ఒక్క వారం ఓపిక పట్టండి."

"బావి కాడ ఎండ ఏదే? ఇది ఆరేదెప్పుడు, నేను పూజకు కూచునేదెప్పుడు? ఈ ఇంట్లో మనుషులకన్నా పిట్టలకే మర్యాద ఎక్కువైంది."

వసారాలో గడ్డం గీసుకుంటున్న పుల్లారావు అద్దంలోంచే అన్నాడు, "పోనీలే అమ్మా, వారమేగా."

"నువ్వు మాట్లాడకరా. అసలు ఆ డబ్బా ముట్టుకోనిచ్చింది నువ్వు."

అనసూయమ్మ డబ్బా అన్నది బాక్స్ కెమెరాని. కృష్ణకుమారి గుంటూరులో బి.ఏ. ప్యాసైనప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చాడు. దానితో దగ్గరి వస్తువులు తీస్తే మసకగా వస్తాయి. నాన్న పోయాక ఆయన చదువుకునే కళ్లజోడులోని అద్దం ఊడదీసి కెమెరా కంటికి అడ్డం పెట్టి చూసింది. మూరెడు దూరంలో ఉన్నది స్పష్టంగా పడింది. అప్పటినుంచి గూటికి మూరెడు ఎడంగా కెమెరాని స్టూలు మీద పెట్టి, మీటకు దారం కట్టి, దాన్ని వంటింటి కిటికీలోంచి లోపలికి తెచ్చుకునేది. తొమ్మిదికి పొద మీద ఎండ పడుతుంది. పప్పు ఉడుకుతుంటే ఒక కన్ను కిటికీ మీదే. పిట్ట గూటి అంచున వాలి పురుగును పిల్ల నోట్లో పెట్టే ఆ ఒక్క క్షణం కదలకుండా ఉంటుంది. అప్పుడు దారం లాగాలి.

నిరుడు తీసిన వాటిలో ఒకటి అద్దంలా వచ్చింది. ఫిల్ములు కడిగే జిలానీ దాన్ని పెద్దది చేసి, "అమ్మా, ఇది మద్రాసు పత్రికకు పంపండి, తప్పక వేస్తారు" అని బలవంతం చేశాడు. ఆమె ఉత్తరం రాసింది. ఆఖర్న పేరు దగ్గర కలం ఆగిపోయింది. పుట్టింటి పేరు రాయాలా? శ్రీమతి పుల్లారావు అని రాయాలా? ఏదీ తేలక, పేరు రాయకుండానే పోస్టు చేయమని భర్త చేతికిచ్చింది.

దండెం తగాదా జరిగిన రోజు మధ్యాహ్నమే టపాలో పత్రిక వచ్చింది. పేజీలో సగం మేర పిగిలిపిట్ట. తల మీది జుట్టు, తోక కింద మచ్చ, నోళ్లు తెరిచిన మూడు కూనలు. కింద చిన్న అక్షరాలు: 'ఛాయాచిత్రం: శ్రీ వి. పుల్లారావు, నరసరావుపేట.'

సంతోషించాలో ఏడవాలో ఆమెకు అర్థం కాలేదు. సాయంత్రం భర్త రాగానే పత్రిక ముందు పెట్టింది.

"పడిందా!" అని ఎగిరి గంతేసినంత పని చేశాడు పుల్లారావు. "చూశావా, మన ఊరి పేరు కూడా వేశారు."

"మీ పేరు వేశారు."

"నువ్వే కదా పేరు రాయకుండా ఇచ్చింది? ఖాళీగా పంపితే వేస్తారా? ఆడవాళ్ల పేరు పత్రికలో పడితే ఎవడుబడితే వాడు ఉత్తరాలు రాస్తాడు. నీ మంచికే రాశా. అయినా నీది, నాది అని వేరే ఉందా?"

ఆయన చెప్పిందాంట్లో తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకలేదు. ఖాళీ వదిలింది తనే. మరి లోపల ఈ గుచ్చుకునేది ఏమిటి? ఆ సాయంత్రం బియ్యం ఏరి డబ్బాలో పోసి, మళ్లీ అవే తీసి ఏరింది.

పుల్లారావు మునసబు కోర్టులో గుమాస్తా. అక్కడ మొదటిరోజు అందరూ ఫోటో చూసి మెచ్చుకుంటే "ఏదో సరదా" అన్నాడు. రెండోరోజు టీ తాగుతూ పిట్టను ఎట్టా కనిపెట్టాలో చెప్పాడు. శుక్రవారం జడ్జి మునసబుగారే పిలిపించారు. ఆయనకు పక్షులంటే ప్రాణమట. ఆదివారం తొమ్మిదింటికి వస్తాను, తీసేటప్పుడు చూడాలి అన్నారట.

"కాదనలేకపోయా కృష్ణా," అన్నాడు శనివారం, గొంతు తగ్గించి. "ఒక పని చేద్దాం. నువ్వు ఎప్పట్లాగే లోపల్నుంచి దారం లాగు. నేను కెమెరా పక్కన నిలబడతా. ఆయనకు తెలియదు."

"మీరు పక్కన నిలబడితే పిట్ట రాదండీ."

"వచ్చిద్దిలే. చూద్దాం."

కాదంటే ఆయన పరువు పోతుంది. సరేనంటే ఏం పోతుందో మాత్రం ఆమెకు తెలియలేదు.

ఆదివారం పొద్దున పాలు కాస్తుంటే కాకుల గోల వినబడింది. కిటికీలోంచి చూసి గిన్నె అట్లాగే వదిలేసి పరుగెత్తింది. గోరింట పొద గొరిగిన తలలా ఉంది. కొమ్మలు కింద పడి ఉన్నాయి. గూడు నాలుగు వైపులా బయటికి కనబడుతోంది. దానిలో రెండే కూనలు. మూడోది గోడమీది కాకి ముక్కున ఉంది. తల్లిపిట్ట అరుస్తూ దానివైపు దూకుతోంది. కాకి లేచిపోయింది.

పుల్లారావు చేతిలో కత్తెరతో నిలబడి ఉన్నాడు.

"ఆకులు అడ్డమని... మునసబుగారికి బాగా కనబడాలని... ఇట్టా అయిద్దని తెలియదు కృష్ణా."

"ఆయనకు కనబడితే కాకికి కనబడదా?" అంది. తర్వాత మాటలు ఆగలేదు. "ఆ అద్దం ఏ దూరానికి పనిచేస్తుందో తెలుసా మీకు? పిట్ట ఏ కొమ్మ మీంచి దిగుతుందో తెలుసా? రెండేళ్లు ఆ కిటికీ దగ్గర నిలబడ్డా. ఒక్క ఆకు తుంచలేదు. పేరు మీరు రాసుకుంటే ఎందుకు బాధో నాకే తెలియక, నాదే బుద్ధి తక్కువనుకున్నా. ఇప్పుడు తెలిసింది. నేను చేసిన పని మీది అంటే, అదెట్టా చేయాలో తెలిసిన నేను అసలు లేనట్టే అయిపోయింది."

చప్పుడు విని అనసూయమ్మ వచ్చింది. గూడు చూసింది, కొడుకు చేతిలో కత్తెర చూసింది.

"ఎంత పని చేశావురా సచ్చినోడా! ఏమే, ఏడుస్తా నిలబడితే ఎండెక్కిద్ది. ఆ ఉన్న రెండిటినీ ఎట్టా బతికించాలో చెప్పు."

కృష్ణకుమారి కళ్లు తుడుచుకుంది. పురికొస తెచ్చి, కత్తిరించిన కొమ్మలు ఒక్కొక్కటే ఏరి మొదటి చోటనే కట్టింది. అనసూయమ్మ కొమ్మలు అందించింది. కాకులు మళ్లీ వాలుతుంటే పుల్లారావు గొడుగు విప్పి గూటికి అడ్డం నిలబడ్డాడు. పక్కింటి అబిదా గోడమీంచి తొంగిచూసి, "అన్నయ్యా, వాన లేదుగా?" అంది. ఎవరూ నవ్వలేదు.

"ఇక లోపలికి రండి," అంది కృష్ణకుమారి. "మీరు అక్కడుంటే అది రాదు."

ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడ్డారు. పిట్ట దూరంగా బావి గిలక మీద కూర్చుంది. ఎగిరింది, మళ్లీ వచ్చింది. ఎంతసేపయిందో తెలియదు. చివరికి ఆకుల్లోకి దూరింది. లోపల్నుంచి సన్నగా కూనల అరుపు వినబడింది. అనసూయమ్మ "అమ్మయ్య" అని కింద కూలబడింది.

వాకిట్లో మునసబుగారి జీపు ఆగింది. పుల్లారావు బయటికి వెళ్లి ఏదో చెప్పాడు. జీపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం విస్తళ్ల ముందు కూర్చున్నాక అనసూయమ్మే అడిగింది. "ఆయనకేం చెప్పావురా?"

"గూడు చెదిరిందని చెప్పా."

"ఫోటో ఎవరు తీశారో చెప్పావా?"

పుల్లారావు అన్నంలో వేలితో గీతలు గీశాడు.

కృష్ణకుమారి గరిటె గిన్నెలో పెట్టి నిలబడింది. "ఈ ఏడు ఈ గూటికి ఫోటో లేదు. ఆ రెండూ ఎగిరిపోయేదాకా కెమెరా బయటికి తీయను. సాయంత్రం పత్రికకు ఉత్తరం రాస్తున్నా. ఆ ఫోటో తీసింది నేను, పేరు సరిచేయండి అని."

"కోర్టులో నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?"

"తెలియదండీ. నాకు నిజంగా తెలియదు. మీ పరువు తీయాలని కాదు. రాయకుండా మాత్రం ఉండలేను."

అనసూయమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"సరే, రాసివ్వు," అన్నాడు చివరికి. "రేపు కోర్టుకు పోతా నేనే పోస్టు చేస్తా."

"వద్దు. పోస్టు డబ్బాలో నేనే వేసుకుంటా."

పుల్లారావు తల దించుకున్నాడు. తిరిగి ఎత్తినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అయితే మునసబుగారికి చెప్పే పని నాకు వదిలెయ్. నీ ఉత్తరం మద్రాసు చేరకముందే చెప్తా."

ఆమె చారు పోయబోయింది. ఆయన మొహంలోకి చూస్తూ వంపితే సగం చారు విస్తరి బయట పడింది. ఆయన అరిటాకు అంచు పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇప్పుడు చారు పొయ్యి," అన్నాడు.