రెండోసారి వినకముందే

జర్మన్, చైనీస్ రెండూ నీళ్లలా వచ్చిన ఏజెంటును లాంగ్వేజ్ స్కూల్ లిఫ్టులో కాల్చేశారు. అతను ఏమీ రానివాడిలా, రెండు భాషలూ నేర్పే బిగినర్స్ క్లాసులో కూర్చున్నాడు. టీచరు చైనీస్‌లో వేసిన జోకుకు అందరికంటే ముందు నవ్వాడు. చేసిన తప్పు అదొక్కటే.

మర్నాడు చీఫ్ ‘నత్త’ను పిలిచాడు. డిపార్ట్‌మెంటు అతనికి పెట్టిన పేరు అది.

"జర్మన్ వచ్చా?"

"రాదు సార్."

"చైనీస్?"

"రాదు."

"ఇరవై ఏళ్ల సర్వీసులో నీ తెలివితక్కువతనం మొదటిసారి పనికొస్తోంది. వెళ్లి చేరు."

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. క్లాసులో పదకొండు మంది. వారిలో ఒకరు విదేశీ ముఠా మనిషి. చైనీస్ క్షుణ్ణంగా తెలిసీ బిగినర్‌గా నటిస్తున్నారు. మన ఏజెంట్ల అసలు పేర్ల జాబితా ఆ మనిషి దగ్గరే ఉంది. నెలాఖరు పరీక్ష అయ్యాక అది గేటు బయట కారు ఎక్కుతుంది. అందులో నత్త పేరుంది, అతని కూతురి బడి అడ్రసుంది.

సాయానికి ‘నెమలి’ అనే మహిళా ఏజెంటు ముందే ఆ క్లాసులో ఉంది. ఫైలు ప్రకారం ఆమెకూ చైనీస్ రాదు. గాడ్జెట్ ఒకటే. డిక్షనరీ అట్టలో బటన్. నొక్కితే బయటి టీమ్ లోపలికి వస్తుంది. తప్పు మనిషిని పట్టిస్తే ఆ హడావుడిలో అసలు మనిషి జారుకోవడం ఖాయం.

మూడు వారాలు నత్త నానా తంటాలు పడ్డాడు. జర్మన్‌లో తన పేరు చెప్పడానికి మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చున్నాడు. అతను రాసిన చైనీస్ అక్షరాలు చూసి, వీటినెవరైనా తొక్కారా అని టీచరు అడిగింది. పక్క సీట్లో నెమలి పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ తనకూ ఏమీ ఎక్కడం లేదని క్లాసును నవ్వించేది. విడిగా అతన్ని పురుగును చూసినట్టు చూసేది.

పరీక్షలో జర్మన్ పేపరు అందరికీ ఒకేలా ఏడ్చింది. తర్వాత చైనీస్ లిజనింగ్. రికార్డింగ్ రెండుసార్లు వేస్తారు. మొదటిసారి బిగినర్లు బిక్కమొహం వేస్తారు, రెండోసారి తోచింది రాస్తారు.

మొదటిసారి అయింది. నత్తకు ఒక్క ముక్క అందలేదు. కిటికీలోంచి గేటు దగ్గర కారు కనిపించింది. మిగిలింది పది నిమిషాలు. పదకొండు మందిలో ఎవరన్నది ఇంకా తేలలేదు. పేపరు ఖాళీగా ఇస్తే టీచరు అనబోయే మాటలు కూడా గుర్తొచ్చాయి. చిన్నప్పటి అలవాటు కొద్దీ పక్క పేపరులోకి తొంగి చూశాడు.

ఇరవై జవాబులూ నిండి ఉన్నాయి. నెమలి పెన్నుకు క్యాప్ పెట్టేసింది.

నత్త బటన్ నొక్కాడు.

"మేడమ్, మీ పెన్ను ఓసారి ఇస్తారా? నాది ఆగిపోయింది."

"కాపీ కొట్టే మొహానికి పెన్నొకటా?"

"రెండోసారి వినరా మీరు?"

ఆమె నవ్వు ఆగింది. బెంచీ కింద పిస్టల్ అతని మోకాలికి తగిలింది.

"లిఫ్టులో వాడికి ఇంత టైమ్ ఇవ్వలేదు," అంది మెల్లగా. "ఆఖరి మాట జర్మన్‌లో చెప్పమంటావా, చైనీస్‌లోనా?"

"తెలుగులోనే కానివ్వండి. మిగతావి నాకు అర్థం కావు."

తలుపు తెరుచుకుంది. ఆమె ట్రిగ్గర్ నొక్కింది, అతను బెంచీని తన్నాడు. గుండు గోడ మీది స్పీకర్‌లో దిగింది. రెండోసారి మొదలైన రికార్డింగ్ సగంలో తెగిపోయింది. టీమ్ ఆమె చేతులు విరిచి పట్టుకుంది. జాబితా పెన్ను క్యాప్‌లో దొరికింది.

రిపోర్టులో, ముఠా మనిషిని ఎలా గుర్తించారన్న గడిలో నత్త ‘నిశిత పరిశీలన’ అని రాశాడు. చీఫ్ సంతకం పెట్టాడు.

టీచరు మాత్రం పేపర్లు దిద్దింది. నెమలికి ఇరవైకి ఇరవై. నత్తకు మూడు. ఆ మూడు ఎక్కడివని ఎవరూ అడగలేదు.