కుట్టు తిరిగిన చోట

పెట్టె తెరిచే ఉంది. పైనున్న పాత దుప్పటి మడత పక్కకు జరిగి ఉంది. దాని కింద ఉండవలసిన పసిపిల్ల గౌను లేదు!

ఆమె పెట్టెలో ఉన్నదంతా నేలమీద పరిచి చూసింది. లేదు. ఆ గౌను జోలికి ఈ ఇంట్లో వెళ్ళగలిగింది ఒక్కరే. కూతురు. పొద్దున బడికి వెళ్తూ, "సాయంత్రం మా వీడియోలు వేస్తారు, నువ్వు తప్పకుండా రావాలి" అని రెండుసార్లు చెప్పింది. ఎప్పుడూ వాగుతూనే ఉంటుందని వీధిలో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, ఈ వారమంతా ఎందుకంత మౌనంగా ఉందో ఆమెకు ఇప్పుడు అర్థమైంది...

ముందుగదే ఆమె కుట్టుదుకాణం. అక్కడ ప్యాంటు బాగుకిచ్చి లుంగీతో కూర్చున్న పక్కవీధి గుమాస్తా, ఆమె తాళం చేతపట్టుకుని రావడం చూసి కంగారుపడ్డాడు.

"టైలరమ్మా, నా ప్యాంటు?"

"రేపు రండి."

"రేపు రావాలన్నా ఇప్పుడు ఇంటికెళ్ళాలి కదమ్మా, లుంగీలో ఎలా వెళ్ళను? మా ఆవిడ తలుపు తీయదు."

విప్పిన కుట్టు విప్పినట్టే ఉన్న ప్యాంటుకు నాలుగు గుండుసూదులు గుచ్చి ఆయన చేతిలో పెట్టింది. "కూర్చోకుండా వెళ్ళండి" అంది. తలుపుకు తాళం వేసి గబగబా వీధిన పడింది.

బడిలో కిటికీలకు కర్టెన్లు దించారు. టీచరమ్మ ఈ నెల పిల్లలకు ఒక పని ఇచ్చింది. ఇంట్లోంచి తమదైన వస్తువు ఒకటి తెచ్చుకోవాలి, దాని మీద చిన్న వీడియో తీయాలి, 'నేనెవర్ని' అన్నదానికి అందులో జవాబు చెప్పాలి. ఆమె వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చునేసరికి తెరమీద ఒకమ్మాయి తాతగారి కట్టుడు పళ్ళు గ్లాసులో నవ్వుతున్నాయి. "మా తాత ఇవి పెట్టుకుంటేనే తిడతాడు. తీసేస్తే ముద్దుపెడతాడు" అంటోంది ఆ పిల్ల గొంతు. గదంతా ఘొల్లుమంది. ఆమెకు నవ్వు రాలేదు.

తరువాత గౌను వచ్చింది. లేతపసుపు గుడ్డ, అంచున చేతికుట్టు.

"ఇది నేను అమ్మ కడుపులో ఉండగా అమ్మే తన చేత్తో కుట్టింది. అమ్మే చెప్పింది" అంది పిచ్చుక గొంతు. తెరమీదికి రెండు చేతులొచ్చాయి. ఎడమచేతిలో సూది. తనకు తెలియకుండా తన చేతులే తీసింది పిల్ల! "అమ్మది ఎడమచేతి వాటం. అందుకే అమ్మ కుట్లన్నీ ఎడమకి వాలతాయి. ఇప్పుడు గౌను అంచు దగ్గరగా చూడండి. ఇవి కుడికి వాలాయి. ఇక్కడిదాకా కుడికే. ఇక్కణ్ణుంచి ఎడమకి. అంటే మధ్యలో చెయ్యి మారింది. మొదటి చెయ్యి ఎవరిదో నాకు తెలీదు. అది తెలిస్తేగానీ నేనెవర్నో చెప్పలేను."

తెర నల్లబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఏళ్ళ తరబడి పదిలంగా దాచుకున్న అబద్ధం అది. ఊరు మారింది, పెళ్ళి మానుకుంది, పిల్ల సూది ముట్టుకుంటే కసిరింది, అంతా ఆ అబద్ధం కోసమే. దాన్ని ఒక పసిది ఫోను పట్టుకుని, తన కుట్టుతోనే విప్పేసింది...

టీచరమ్మ ఆమె దగ్గరకు వచ్చింది. "ఆ వీడియో నేను ముందే చూడాల్సిందమ్మా. పక్కగది ఖాళీగా ఉంది, మాట్లాడుకోండి" అంది మెల్లగా.

పక్కగదిలో పిచ్చుక గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఇది పెద్దమ్మ కుట్టిందా?" అని అడిగింది.

"ఊఁ."

"జ్వరంతో పోయిందన్నావే, ఆ పెద్దమ్మేనా?"

"ఆవిడే మీ అమ్మ. నేను నీకు పిన్నిని." ఆ మాట నోటివెంట వచ్చాక ఆమె చిన్న బల్లమీద కూలబడింది. "మీ నాన్న నువ్వు పుట్టకముందే లారీ కింద పడి పోయాడు. నువ్వు పుట్టాక అక్కకి నిద్ర పట్టేది కాదు. గోడకేసి చూస్తూ కూర్చునేది. బాలింత నీరసం, అదే తగ్గుతుంది అన్నారు అందరూ. నేనూ అలాగే అన్నాను."

"జ్వరం కాదా?"

"కాదు."

"మరి?"

ఆమె తల వంచుకుంది. "ఆ పొద్దున నీ గౌను అంచు కుడుతోంది. సగంలో సూది గుచ్చి, నిన్ను పక్కింట్లో ఇచ్చింది. తిరిగి రాలేదు. తన ప్రాణం తనే తీసుకుంది."

పిచ్చుక బొటనవేలితో ఆ అంచును తడుముతూ ఉండిపోయింది.

"నేనుండగానా?"

ఏ ప్రశ్న వినకూడదని ఇన్నేళ్ళూ దాక్కుందో అదే ప్రశ్న. "అది జబ్బు తల్లీ. ఆ జబ్బులో అక్కకి నువ్వూ కనపడలేదు, నేనూ కనపడలేదు" అంది. అది చాలదని ఆమెకు తెలుసు. పిల్లకూ తెలుసు.

ఆ తరువాత ఇంట్లో మాటలు నడిచాయిగానీ పిలుపు పోయింది. "అన్నం పెట్టు", "తాళం ఎక్కడ", అంతే. అమ్మా అనలేదు, పిన్నీ అనలేదు. ప్యాంటు కుట్టించుకోడానికి మళ్ళీ వచ్చిన గుమాస్తా, "మీ పిచ్చుక ఎగిరిపోయిందా ఏంటమ్మా, కిచకిచలు లేవు" అన్నాడు. ఆమె మిషను వేగం పెంచింది. గోడవతలి అలికిడికల్లా ఆమె చెవి ఒగ్గేది. కన్నది కాకపోవచ్చు, పెంచిన చేతులకు అమ్మా అన్న ఆ రెండక్షరాలే కదా కూలి! అదేమో అడిగి పుచ్చుకునేది కాదు కదా...

ఆదివారం మధ్యాహ్నం పిచ్చుక ముందుగదిలోకి వచ్చింది. చేతిలో ఒక గుడ్డముక్క, సూది, దారం.

"నేర్పు."

"నువ్వు కుడిచేత్తో కుడతావు. పక్కన కూర్చుంటే నీకు నా చెయ్యి తిరగబడి కనిపిస్తుంది, రాదు."

"అయితే ఎదురుగా కూర్చో. అద్దంలోలాగా."

ఆమె ఎదురుగా కూర్చుంది. మోకాలికి మోకాలు తగిలింది. ఆమె ఎడమచెయ్యి గుచ్చితే పిల్ల కుడిచెయ్యి గుచ్చింది. ఆమె లాగితే పిల్ల లాగింది. వంకరటింకరగా కుట్లు పడుతున్నాయి. ఒక్కొక్కటీ కుడికి వాలుతోంది. అక్క కుట్లు! అదే వాలు, చివర్లో దారం కాస్త బిగించే అదే పద్ధతి. అక్క చెయ్యి వచ్చింది సరే... అక్క చీకటి కూడా వస్తుందా? ఆ గుడ్డ లాక్కుని కుట్లన్నీ విప్పేయాలనిపించింది.

పిచ్చుక తల ఎత్తకుండానే అడిగింది.

"ఇక్కడ ముడి ఎలా వెయ్యాలమ్మా?"

అది ఎదురుచూసిన పిలుపే. అయినా ఆమెకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. పిల్ల చేతినీ, ముఖాన్నీ మార్చిమార్చి చూసింది. ఆ ముఖం గోడకేసి తిరగడం లేదు. ఈ పూటకు తన ముందే ఉంది.

"ముడి వద్దు. ఇంకా ఉంది, కుట్టు" అంది.