పెడల్ కింద మృత్యువు

“మూడు గంటలకి డాక్టర్ అన్నపూర్ణని చంపేస్తారు. ఎవరు, ఎలా అన్నది నువ్వే తేల్చాలి.”

షికాగోలోని ఓ కాఫీ షాపులో చీఫ్ జగన్మోహన్ అంతకంటే ఎక్కువ చెప్పలేదు. చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు. ఏజెంట్ శ్యామ్‌సుందర్ వాచీ చూసుకున్నాడు. ఒంటిగంటన్నర. 1983 మార్చి. బయట ఎముకలు కొరికే చలి.

అన్నపూర్ణ మన రాకెట్ శాస్త్రవేత్త. కొత్త ఇంధనం ఫార్ములా ఆవిడ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. శత్రుదేశపు ముఠాకి ఆ బుర్ర కంటగింపు. ఆవిడకేమో జాజ్ అంటే పిచ్చి. ‘బ్లూ లాంటర్న్’ అనే పాత క్లబ్బులో 1920ల అమెరికా మీద ఎగ్జిబిషన్ పెడితే, వద్దన్నా వినకుండా ముఖ్య అతిథిగా ఒప్పుకుంది.

క్లబ్బు గుమ్మంలో క్యూరేటర్ వసుమతి ఎదురైంది. మోకాళ్ల దాకా పూసల గౌను, మెడ పైకి కత్తిరించిన జుట్టు. మన మనిషే.

“ఈ ఊళ్లో మంచి ఆవకాయ దొరుకుతుందా?” అన్నాడు శ్యామ్.

“దొరుకుతుంది. కారం తక్కువ.”

కోడ్ సరిపోయింది. ఆమె గోడల మీది ఫోటోలు చూపిస్తూ నడిచింది. “ఇరవైల్లో ఆడవాళ్లు జుట్టు కట్ చేసుకున్నారు, సిగరెట్ పట్టారు. మద్యం బ్యాన్ చేసినా తాగారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే కప్పు కింద జాజ్‌తో ఊగిపోయారు. కంట్రీ మొత్తం మారిపోయింది, తెలుసా? పదండి, బేస్‌మెంట్‌లో మీకొకటి చూపించాలి.”

చూపించింది. వెనక నుంచి ఒక్క తోపు తోసి, స్టీలు తలుపు వేసేసింది.

“సారీ శ్యామ్‌గారూ. వాళ్లు బాగా పే చేస్తారు.” తలుపు అవతల ఆమె గొంతు తీయగానే ఉంది. “పియానో దగ్గర మా మనిషున్నాడు. లాస్ట్ నోట్‌తో పాటు ఎడమ పెడల్ నొక్కుతాడు. విషపు సూది ఫ్రంట్ రోలో అన్నపూర్ణ సీటుకి వెళ్తుంది. బిల్డింగ్ ప్లాన్ నాకు కంఠతా వచ్చు. ఈ రూమ్‌కి ఇంకో దారి లేదు.”

చీకటి. వాచీలో ట్రాన్స్‌మిటర్ గుర్రుమంది తప్ప పలకలేదు. పెన్నులోని లేజర్ తలుపుకి ఆవగింజంత చిల్లు పెట్టి చల్లారిపోయింది. గోడలన్నీ తడిమాడు. కిటికీ లేదు. నెత్తిమీద చప్పట్లు మోగాయి, పియానో మొదలైంది. శ్యామ్‌కి భయం వేసింది. పైన ఒక మనిషి చావడం కింద నుంచి వినాల్సి వస్తుందన్న భయం అది.

మూలనున్న పెట్టెల వెనక నుంచి మూలుగు. లైటర్ వెలిగించాడు. నోటికి గుడ్డ కట్టిన నల్లజాతి ముసలాయన. కట్లు విప్పాడు.

“నా పేరు ఎజ్రా విట్లాక్. ఇవాళ వాయించాల్సింది నేను,” అన్నాడాయన దగ్గుతూ. “ఆ తలుపుతో ఎందుకయ్యా కుస్తీ?”

“ఇంకో దారి లేదు కదా.”

“నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఈ క్లబ్బులో వాయించాను. పాటకీ పాటకీ మధ్య మమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టేవాళ్లు. మేం హాల్లోంచి నడిస్తే తెల్ల కస్టమర్లకి కంపరం. అందుకని మాకు వేరే మెట్లు.” గోడకున్న చెక్కల్ని చూపించాడు. “తన్ను.”

శ్యామ్ తన్నాడు. మూడో తన్నుకి చెక్కలు ఊడాయి. భుజాలు పట్టనంత ఇరుకు మెట్లు. రాసుకుపోతూ ఎక్కాడు. పైన పాట ముగింపుకొస్తోంది. చివరి పలక పగలగొట్టుకుని బయటపడితే, ఎదురుగా పియానో, పెడల్ మీదికి దిగుతున్న బూటు!

శ్యామ్ గుంజిన పియానో మూత దఢాలున వాయించేవాడి వేళ్ల మీద పడింది. వాడు కెవ్వున వెనక్కి విరుచుకుపడ్డాడు. బూటు గాల్లోనే ఉండిపోయింది.

బేడీలు పడ్డాక కూడా వసుమతి గొణుగుతూనే ఉంది. “ఏ ప్లాన్‌లోనూ ఆ మెట్లు లేవే! ఒక్క ఫోటోలోనూ లేవు!”

“ఫోటో తీసినవాళ్లు ఎప్పుడైనా మమ్మల్ని అడిగారా అమ్మా?” అన్నాడు ఎజ్రా.

డాక్టర్ అన్నపూర్ణ మాత్రం విసవిసా స్టేజీ ఎక్కింది.

“ఎవరండీ మీరు? అంత మంచి పాట మధ్యలో ఆపేస్తారా?”

శ్యామ్‌సుందర్ కోటుకంటిన బూజు దులుపుకున్నాడు.

“ముగింపు మీకు నచ్చేది కాదండీ.”